శుక్రవారం వచ్చే మనిషి

జనవరి 9

మేడమ్ ఈ డైరీ ఇచ్చారు. పాత సంవత్సరానిది. అచ్చువేసిన వారాలు ఈ ఏడాదికి కలవవు, తేదీలు మాత్రం చూసుకుని రాసుకోమన్నారు. ‘‘రోజూ నాలుగు ముక్కలు రాయి నవీనా. రాయడం అలవాటైతే చదవడం దానంతటదే వస్తుంది. నేను చూడనులే, ఒట్టు’’ అన్నారు. ఏమీ తెలియని మనిషికి చెప్పినట్టు రాయాలట.

నేను ఏడో తరగతి దాకా చదివాను. పెళ్లయ్యాక బియ్యం సంచుల మీది అక్షరాలు తప్ప ఏమీ చదవలేదు. ఇప్పుడు మేడమ్ నాటకం రాస్తున్నారు. అందులో నాకొక వేషం ఇచ్చారు. వద్దంటే వినలేదు. ఈసారి ఉగాది రంజాన్ నెలలో వస్తుంది కాబట్టి తెలుగువాళ్ల సంఘం స్టేజీ పెట్టడం లేదు. ఫోన్లలో వినే నాటకం చేస్తున్నారు. మొహం కనపడదు, గొంతే. అందుకని ఒప్పుకున్నాను.

మస్కట్‌లో, దార్సైట్‌లో, ఉదయశ్రీ మేడమ్ ఇంట్లో పని చేస్తాను. మేడమ్‌ది కాకినాడ. సూర్యప్రకాశ్ సార్ ఇంజినీరు. వంటింటి పక్క చిన్న గది నాది. కృష్ణుడి గుడికి పోయేవాళ్ల మాటలు కిటికీలోంచి వినిపిస్తాయి.

మా ఆయన కూడా ఈ దేశంలోనే ఉన్నాడు. రూవిలో ఒక కంపెనీలో షట్టరింగ్ పని చేసేవాడు. పైనుంచి పడ్డాడు. నడుము నొప్పి తగ్గకముందే డ్యూటీకి ఎక్కమన్నారు. ఇంటికి పోతానంటే పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఒకరోజు పనివాళ్లుండే క్యాంపులోంచి బయటికి నడిచాడు, మళ్లీ పోలేదు. పారిపోయాడని కంపెనీ కేసు పెట్టింది. కాగితాలు లేకుండా ఇట్లా బయట బతికేవాళ్లను మావాళ్లు కల్లివల్లి అంటారు. ఇప్పుడు ఒక తోటలో నిమ్మచెట్లకు నీళ్లు పెడుతున్నాడు. ఇక్కడి సర్కారు క్షమాభిక్ష, అదే ఆమ్నెస్టీ, ప్రకటిస్తే జైలు లేకుండా ఇంటికి పోవచ్చు. అప్పటిదాకా దొరకకూడదు. ఆ తోట ఏ ఊళ్లో ఉందో నాకొక్కదానికే తెలుసు. ఇందులో కూడా రాయను.

పేరు కూడా రాయను. మొగని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతదని మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పటిదాకా పలకలేదు. ఫోన్‌లో నంబరు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు కూడా చెయ్యి రాలేదు. షినాస్ అని పెట్టుకున్నాను.

ఈరోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. తోట యజమాని, వాళ్ల అర్బాబు, జుమ్మా నమాజుకు పోయినప్పుడు చేస్తాడు. శుక్రవారం ఒక్కరోజే.

‘‘తిన్నవా?’’

‘‘తిన్న. నువ్వు?’’

‘‘ఇగో, ఖుబూస్ రొట్టె ముంగట్నే ఉన్నది. దాని మీద మేక సుత కన్నేసింది.’’

‘‘నడుమెట్లున్నది?’’

‘‘నడుమా? దానికేంది, నాకంటె మంచిగున్నది. ఆమ్నెస్టీ అత్తదంటున్నరు. ఇగ ఎవలడిగినా ఏం జెప్పకు.’’

‘‘చెప్ప.’’

పెట్టేశాడు.

జనవరి 12

రొయ్యలు ఒలుస్తుంటే మేడమ్ కథ చెప్పారు. ఇంగ్లండులో రాసిన పుస్తకం. చాలా పాతది. మేడమ్ కాలేజీలో ఉన్నప్పటి నుంచి అట్ట ఊడిపోయినా దాచుకున్నారు. తెలుగులో ‘బుధవారం వచ్చే మనిషి’ అని పేరు పెట్టారు.

ఒక గూఢచారి. తుపాకీ ఉండదు, పెద్ద కారు ఉండదు. గుమాస్తాలాగా ఉంటాడు, ఎక్కడికి పోయినా గొడుగు మర్చిపోతాడు. వాళ్ల ఆఫీసు ఆయనకు వేరే పేరు ఇచ్చి పరాయి దేశానికి పంపుతుంది. అక్కడ పని చెడిపోయాక, అలాంటి మనిషి మా దగ్గర లేనే లేడని ఆఫీసు అంటుంది. ఆయన ఎక్కడో దాక్కుని ఉంటాడు. పుస్తకంలో ఆయన ఎక్కువ కనపడడు. వెనక ఇంట్లో ఉండిపోయిన పెళ్లామే కథంతా. ప్రతి బుధవారం ఆఫీసు నుంచి ఒక మనిషి కేకు పట్టుకుని వచ్చి కూర్చుంటాడు. ఆమె టీ ఇస్తుంది. ఆయనేమైనా రాశాడా అని అడుగుతాడు. రాయలేదు అంటుంది. అంతే.

‘‘గొడుగు మర్చిపోయేవాడు గూఢచారి అయితే నేనూ గూఢచారినేనోయ్’’ అన్నారు సార్ హాల్లోంచి.

‘‘మీరు గొడుగే కాదు, నన్ను కూడా గుళ్లో మర్చిపోయి వచ్చారు’’ అన్నారు మేడమ్.

మేడమ్ లండన్‌ను ఢిల్లీ చేశారు. ఆ గూఢచారికి విశ్వతేజ అని పేరు పెట్టారు. సార్ బుధవారం మనిషి. నేను పెళ్లాం. నన్నెందుకు పెట్టారని అడిగాను. సంఘంలో ఆడవాళ్లు చదివితే వార్తలు చదివినట్టుందట. ‘‘మొన్న ఫోన్‌లో ఎవరితోనో చెప్పను అన్నావు చూడు. నాకు ఆ గొంతు కావాలి’’ అన్నారు.

విన్నారా అని భయమేసింది. అంతవరకే విన్నట్టున్నారు.

జనవరి 16

గంగాప్రసాద్ అన్న వచ్చాడు. మా ఆయన కంపెనీలో క్యాంపు బాస్. మా పక్క ఊరే. శుక్రవారం గుడికి వచ్చి, ప్రసాదం కేసరి కాగితం కప్పులో పట్టుకుని మా మెట్లెక్కుతాడు. నెల రోజులుగా వస్తున్నాడు.

మా ఆయన పేరు పెట్టి అడిగాడు, ఫోన్ చేశాడా అని.

‘‘లేదన్నా.’’

‘‘చేస్తె జెప్పు చెల్లె. నేను మేనేజర్ కాళ్లు వట్టుకున్నంత పని జేసిన. ఒక్కసారి అచ్చి సంతకం వెడితె కేసు వాపస్ తీసుకుంటమన్నరు. నీ కోసమే తిరుగుతున్న.’’

‘‘చేస్తె చెప్తనన్నా.’’

‘‘పానం మంచిగున్నదా మరి ఆనిది?’’

‘‘ఏమో అన్నా. తెల్వది.’’

చాయ్ పెట్టి ఇచ్చాను. వాళ్ల అమ్మాయి స్కూల్లో డాన్సు వేసిన వీడియో చూపించాడు. ఇక్కడ మా భాష మాట్లాడే మనిషి దొరకడం కష్టం. పోయేటప్పుడు కప్పు తానే సింకులో పెట్టాడు.

మంచి మనిషి.

జనవరి 19

సార్ చొక్కాలు ఇస్త్రీ. ఇంకేమీ లేదు.

జనవరి 23

గంగాప్రసాద్ అన్న ఈసారి ముందే వచ్చాడు. నమాజుకు పిలుపు అప్పుడే మొదలైంది. మేడమ్ వాళ్లు బజారుకు పోయారు. చాయ్ పోస్తున్నాను. ఫోన్ బల్ల మీద ఆయన ముందర ఉంది. మోగింది.

షినాస్ అని తెర మీద పెద్ద అక్షరాలు.

‘‘ఎత్తు చెల్లె, ఎవలో’’ అన్నాడు.

‘‘తెలిసినామె అన్నా. మల్ల మాట్లాడుత.’’

అది మోగి మోగి ఆగిపోయింది. తర్వాత చాయ్ తాగి, చక్కెర మంచిగ పడ్డదన్నాడు. మా ఆయన సంగతి ఈరోజు అడగనే లేదు. తొందరగా పోయాడు.

తలుపు గడియ పెట్టి వచ్చాను. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. పేరు పెట్టుకోకపోవడం ఎంత మంచిదైంది. పేరు ఉంటే దొరికిపోయేవాళ్లం. మా అమ్మమ్మ మాట ఊరికే పోలేదు.

జనవరి 27

చదవడం కొంచెం సాఫీగా వస్తోంది. ఒత్తుల దగ్గర ఆగుతున్నాను.

మేడమ్ పుస్తకం ముందుమాట చదివి అర్థం చెప్పారు. అది రాసినాయన అలాంటి ఆఫీసులోనే పని చేశాడట. పొద్దున్నే లేచి, డ్యూటీకి పోయేలోపు వంటింటి బల్ల మీద రాసుకునేవాడు. సొంత పేరుతో అచ్చువేస్తే ఉద్యోగం పోతుందని వేరే పేరు పెట్టుకున్నాడు. మొదట ఎవరూ కొనలేదు. పిస్తోళ్లు లేని గూఢచారి కథ ఏమిటి, ఒకామె టీ కాచడం తప్ప ఏముంది అన్నారట పేపర్లవాళ్లు. తర్వాత ఆఫీసు పెద్దలు ఇదంతా అబద్ధమని ప్రకటన ఇచ్చారు. అంత గట్టిగా కాదంటున్నారంటే నిజమే అయి ఉంటుందని జనం ఎగబడి కొన్నారు. సినిమా కూడా తీశారు.

‘‘సినిమాలో చివర ఆమె చేతికి తుపాకీ ఇచ్చారు నవీనా. ఆ బుధవారం మనిషిని కాల్చేస్తుంది. రాసినాయన ఆ సినిమా సగంలోనే లేచి వెళ్లిపోయాడట.’’

‘‘ఆయన గూఢచారిగ పోయెనా మేడమ్ వేరే దేశాలకు?’’

‘‘లేదే. అదే తమాషా. ఆయన డ్యూటీ ఏంటో తెలుసా? ఇళ్లకు వెళ్లి కూర్చుని ఆడవాళ్లను అడగడం. ఆ బుధవారం మనిషి ఆయనే.’’

పప్పు పొంగింది. కట్టేసి వచ్చాను.

‘‘మరి ఆ ఆడామె ఈ పుస్తకం చదివిందా?’’ అని అడిగాను.

మేడమ్ పుస్తకం ముందూ వెనకా తిప్పారు. ‘‘అది ఎవరూ రాయలేదే’’ అన్నారు.

జనవరి 30

ఫోన్ వచ్చింది. పోయిన వారం ఎందుకెత్తలేదన్నాడు. మేడమ్ ఉన్నారని చెప్పాను. గంగాప్రసాద్ అన్న ఉన్నాడని చెబితే ఊరికే ఫికరు పడతాడు. మేక పిల్ల పెట్టిందట. అన్న ఈ వారం రాలేదు. గుళ్లో రద్దీ.

ఫిబ్రవరి 2

ఈరోజు మేడమ్, సార్ కొంచెం గట్టిగానే వాదించుకున్నారు. చివరి సీను గురించి.

ఆ గూఢచారి పరాయి దేశంలో పట్టుబడతాడు, దొంగ పేరుతో జైల్లో ఉంటాడు. బుధవారం మనిషి వచ్చి పెళ్లాన్ని అడుగుతాడు, ఆయన అసలు పేరు మీ నోటితో ఒక్కసారి చెప్పండి, మేం విడిపిస్తాం అని. చెబితే గూఢచారి అని తేలిపోయి అక్కడ ఆయన ప్రాణం పోతుంది. మూడుసార్లు అడుగుతాడు. ఆమె మాట్లాడదు. పుస్తకంలో రెండు పేజీలు ఊరికే గడియారం చప్పుడే ఉందట.

‘‘వినే నాటకంలో మాట్లాడకపోతే ఏం వింటారు ఉదయా? ఫోన్ పాడైందనుకుంటారు. ఓ డైలాగు పెట్టు. ‘నా ప్రాణం పోయినా చెప్పను’ అని పెట్టు, చప్పట్లు కొడతారు.’’

‘‘అదే వద్దు. చెప్పను అంటే తెలుసని ఒప్పుకున్నట్టే కదా. ఏ కారణం లేకుండా నోరు మూసుకోవాలి. కానీ మనవాళ్లు నమ్మాలి. అక్కడే తెగడం లేదు.’’

నేను కూర గిన్నెలు తీస్తున్నాను. నా నోట్లోంచి వచ్చేసింది.

‘‘మా దిక్కు మొగని పేరు చెప్పరు మేడమ్.’’

ఇద్దరూ నా వైపు చూశారు. గిన్నె కింద పెట్టాను.

‘‘చెప్పరంటే? ఎప్పుడూనా?’’

‘‘ఎప్పుడు చెప్పరు. రేషన్ కార్డు రాయించుకోను పోయినప్పుడు మా అమ్మమ్మ పక్కింటామెతోని చెప్పించింది. అడిగినోడు గుస్స జేసిండు. అయినా చెప్పలే.’’

మేడమ్ నన్ను పట్టుకుని ఊపేశారు. ‘‘అదీ! ఇరవై ఏళ్లుగా ఈ సీను ఎలా తెలుగు చెయ్యాలా అని కొట్టుకుంటున్నాను. వాడు అడుగుతాడు. ఆమె ఆచారం వెనక దాక్కుంటుంది. వాడికి అనుమానం రాదు. ఏ పల్లెటూరి ఆడదైనా అంతే కదా అనుకుంటాడు. నవీనా, ఇంగ్లీషు రచయితకు కూడా తట్టలేదే ఇది!’’

సార్ కూడా బాగుందన్నారు. నాకు ఒక జాకెట్ గుడ్డ ఇచ్చారు మేడమ్.

ఫిబ్రవరి 6

ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 7

అర్బాబు నమాజుకు పోలేదేమో. ఒక్కోసారి ఇంట్లోనే చేసుకుంటారట.

ఫిబ్రవరి 9

తెలియని నంబరు. ఇస్తారి. మా ఆయనతో తోటలో పనిచేసే అతను.

‘‘వదినె, నువ్వు ఒక్కదానివే ఉన్నవా? ఇను. అన్నను వట్టుకపోయిండ్రు. బేస్తారం పొద్దున. పోలీసు బండి, దాని ఎనక కంపెనీ బండి. నేను నిమ్మచెట్లల్ల పండుకున్న, నన్ను చూడలే.’’

వంటింటి తలుపు దగ్గరికి వేశాను.

‘‘ఒక్క తోట కాదు వదినె. షినాస్ల మూడు దినాలసంది ఫోటో వట్టుకొని దుకాండ్లల్ల, తోటలల్ల అడుగుతున్నరట. ఈ ఊళ్లె ఉన్నడని పక్కా తెల్సి అచ్చిండ్రు. ఎవడు జెప్పిండో ఆని నోట్లె మన్నువడ. అన్న ఉరుకలే. నడుముతోని ఏం ఉరుకుతడు. మేకలకు నీళ్లు పెట్టమని నాకు సైగ జేసి బండెక్కిండు. వదినె? ఉన్నవా?’’

‘‘ఉన్న.’’

‘‘ఏడ్వకు.’’

నేను ఏడవడం లేదు. అతను ఏడుస్తున్నాడు.

మేడమ్‌కు చెప్పాను. అన్నీ విన్నారు. నీళ్లు తెచ్చి ఇచ్చారు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నారు. తర్వాత నన్ను కూర్చోమని తానే అన్నం వండారు. మాడింది. తిన్నాను.

ఫిబ్రవరి 10

దోసెల పిండి పులవలేదు.

ఫిబ్రవరి 11

కర్టెన్లు ఉతికాను.

ఫిబ్రవరి 13

శుక్రవారం. అన్నం వార్చి ఫోన్ పక్కన కూర్చున్నాను. నమాజు అయిపోయింది. మసీదుకు వచ్చినవాళ్లంతా బయటికి వచ్చి కార్లు తీశారు. చాయ్ కోసం పాలు పక్కన పెట్టాను. గంగాప్రసాద్ అన్న కూడా రాలేదు. పని ఉందేమో. కంపెనీలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమో. అన్నకు ఫోన్ చేసి మా ఆయన సంగతి అడుగుదామని మూడుసార్లు తీసి పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో తెలియదు.

ఫిబ్రవరి 16

మేడమ్ నాటకం ఆపేద్దామన్నారు. ‘‘నీ పరిస్థితిలో నిన్ను ఇబ్బంది పెట్టను’’ అన్నారు. వద్దు మేడమ్ అన్నాను. చదువుతుంటే ఇంకేమీ పట్టదు. మేడమ్‌కు లోపల సంతోషమేసింది. అందులో తప్పేం లేదు.

ఈరోజు కొత్త కాగితాలు చదివాను. ఆమెకు సంగతి తెలిసిపోయే సీను. మొగుడు ఒకసారి ఉండబట్టలేక పోస్టు కార్డు పంపుతాడు. బొమ్మ కార్డు. సముద్రం ఒడ్డున దీపస్తంభం. దాని మీద ఏమీ రాయడు. పేరు లేదు, అక్షరం లేదు, ఇంక భయమేమిటని ఆమె దాన్ని గడియారం వెనక నిలబెడుతుంది. పొద్దున్నా సాయంత్రం చూసుకోవచ్చని. బుధవారం మనిషి టీ తాగుతూ చూస్తాడు. ఆ దీపస్తంభం ఏ ఊరిదో వాళ్ల ఆఫీసులో అందరికీ తెలుసు.

నేను చదవాల్సిన మాట ఇది: ‘‘మీరు చూసింది నన్ను కాదు. గడియారం వెనక బొమ్మను.’’

గడియారం దాకా చదివాను. ముందుకు పోలేదు.

‘‘ఒత్తు ఏమీ లేదే అక్కడ’’ అన్నారు మేడమ్.

‘‘గొంతు ఆరింది మేడమ్.’’

నీళ్లు తాగి మళ్లీ చదివాను. ఈసారి బాగా వచ్చిందన్నారు.

తెలిశాక కూడా ఆమె ఆ మనిషికి బుధవారం బుధవారం టీ ఇస్తూనే ఉంటుంది. ఎందుకో రాసినాయన చెప్పలేదట. జనం ఇప్పటికీ దాని గురించే వాదించుకుంటారట.

ఫిబ్రవరి 17

ఫోన్ తీసి చూశాను. షినాస్. నేను కొట్టిన అక్షరాలే.

చక్కెర మంచిగ పడ్డది చెల్లె.

ఫిబ్రవరి 18

మరి ఫోటో చూసి ఎవరైనా గుర్తుపట్టి ఉండొచ్చు. షినాస్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఇస్తారే చెప్పి ఉండొచ్చు. దాక్కున్నానన్నాడు కదా, అతన్ని ఎట్లా వదిలారు.

ఫిబ్రవరి 19

ఇస్తారి చెప్పలేదు.

ఫిబ్రవరి 23

సంఘం నుంచి రమణి గారు వచ్చారు. జైల్లో ఉన్నవాళ్ల కోసం ఎంబసీకి తిరిగే ఆవిడ. కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే నన్ను కూర్చోమన్నారు.

‘‘మీ ఆయన పేరు చెప్పమ్మా.’’

లోపలికి పోయి పాస్‌పోర్టు జిరాక్సు తెచ్చి ఇచ్చాను.

‘‘అక్షరాలు అలికినట్టున్నాయి. నోటితో చెప్పు తల్లీ, లైన్లో ఉన్నారు.’’

మేడమ్ ఆ కాగితం తీసుకుని వెలుతురుకు పెట్టి గట్టిగా చదివారు. పేరు, ఇంటిపేరు, వాళ్ల నాన్న పేరు. ఆ లోపల నేను కుళాయి కట్టేయడానికి పోయాను. కుళాయి కట్టేసే ఉంది.

రమణి గారు ఫోన్‌లోనే అటు అడిగి, మాకు చెప్పారు. ‘‘ఉన్నాడు. బాగానే ఉన్నాడు. కంపెనీ పాస్‌పోర్టు ఇచ్చేసింది, టికెట్టు రాగానే ఇంటికి పంపేస్తారు. మళ్లీ ఈ దేశం రావడానికి లేదు. కలవడానికి ఒప్పుకోవడం లేదమ్మా. ఏమైనా చెప్పమంటావా?’’

నడుముకు పట్టీ కట్టుకోమని చెప్పమన్నాను.

మార్చి 7

రికార్డింగు. బయట శబ్దాలు రాకుండా పడకగది గోడలకు దుప్పట్లు, బొంతలు వేలాడదీశాం. ఏసీ కట్టేశారు. సార్ ఒట్టి బనియన్‌తో నిలబడి బుధవారం మనిషి మాటలు చెప్పారు. చెమటలు కారుతున్నాయి. ‘‘గూఢచారి సంగతేమో గాని నేను మాత్రం ఇక్కడే పోయేట్టున్నాను’’ అన్నారు. మేడమ్ మంచం మీద కూర్చుని వేలు చూపిస్తుంటే మేం మొదలుపెట్టేవాళ్లం.

చివరి సీను.

‘‘మీ ఆయన పేరు చెప్పమ్మా’’ అన్నారు సార్. మెత్తగా, ప్రేమగా. మేడమ్ అట్లాగే అనమన్నారు.

నేను మాట్లాడలేదు.

‘‘ఒక్కసారి చెప్పు. నీ కోసమే తిరుగుతున్నాను.’’

ఈ మాట మేడమ్ ఎప్పుడు రాశారో నాకు తెలియదు. కాగితంలో చూశాను. ఉంది. అలాంటివాళ్లంతా అదే మాట అంటారేమో.

‘‘అమ్మా. పేరు.’’

గడియారం చప్పుడు తర్వాత కలుపుతారట. నేను ఊపిరి మాత్రమే తీసుకోవాలి. తీసుకున్నాను. దుప్పటి మీద నెమలి బొమ్మ ఉంది. దాని కన్ను దగ్గర దారం ఊడింది.

మేడమ్ చెయ్యి దించారు. మేడమ్ కళ్లు తుడుచుకున్నారు. ‘‘ఎలా చేశావే?’’ అన్నారు.

నేనేమీ చేయలేదు. దుప్పట్లు విప్పి మడతపెట్టాను.

మార్చి 15

రమణి గారు ఫోన్ చేశారు. పంపేశారట. నిన్ననే. విమానం మా ఇంటి మీద నుంచే పోయి ఉంటుంది. ఏ టైముకో అడగలేదు.

శుక్రవారం దాకా ఫోన్ రాదని కూర్చున్నాను. ఇప్పుడు ఏ రోజైనా చేయొచ్చు కదా.

మార్చి 19

ఉగాది. పచ్చడికి వేపపువ్వు ఎండుది దొరికింది. నాటకం పొద్దున్నే అన్ని గ్రూపుల్లో పెట్టారు. మేడమ్ ఫోన్ మోగుతూనే ఉంది.

ఒకాయన ఇది ఇంగ్లీషు పుస్తకమంటే నమ్మబుద్ధి కాలేదన్నాడు, మా నాయనమ్మ కథలాగే ఉందన్నాడు. ఆ ఇంగ్లీషు పుస్తకం చదివినాయన ఒకరు ఆచారం పెట్టి పాడుచేశారన్నాడు, అసలులో ఆమెకున్న తెగువ పోయిందట. ఎక్కువమంది మాత్రం ఒకటే పెట్టారు: ‘‘చివర్లో సౌండ్ పోయింది. మళ్లీ పంపండి.’’

‘‘నేను చెప్పానా లేదా?’’ అని సార్ సోఫా మీద పడి నవ్వారు. మేడమ్ కాసేపు కోపంగా ఉండి తర్వాత నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినట్టు గుర్తుంది.

మార్చి 20

శుక్రవారం. రంజాన్ పండగ సెలవు. మేడమ్ వాళ్లు బయటికి పోయారు. తలుపు కొట్టారు. గంగాప్రసాద్ అన్న. చేతిలో కేసరి కప్పు.

లోపలికి రమ్మనలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాను. మనిషి చిక్కిపోయాడు.

‘‘నాటకం విన్న చెల్లె. రెండుసార్లు విన్న. నీ గొంతు గుర్తువట్టిన.’’

నేను మాట్లాడలేదు.

‘‘ఇంటికి చేరిండట గద. మంచిగైంది. ఇక్కడ ఆ నడుముతోని ఎన్ని దినాలు... నేను చెప్పకున్నా ఎవడో ఒకడు చెప్తుండె చెల్లె. మేనేజర్ నా వీసా మీద వెట్టిండు. ఆన్ని దొరకవడితెనే నీకు రెన్యూవలన్నడు. నా బిడ్డ చదువు నడిమిట్ల ఉన్నది.’’

కాగితం కప్పు రెండు చేతులతో పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

‘‘ఒక్క మాట అడుగుత. ఆ నాటకంల ఆడామెకు అంత తెల్సినంక సుత, ఆనికి చాయ్ ఎందుకు పోసిచ్చింది?’’

‘‘పుస్తకంల గట్లనే ఉన్నదట అన్నా’’ అన్నాను.

కాసేపు నిలబడ్డాడు. పొయ్యి మీద పాలు మరుగుతున్న వాసన బయటికి వస్తూ ఉంది. కప్పు గుమ్మం పక్కన పెట్టి మెట్లు దిగాడు.

సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. చీమలు పట్టాయి. ప్రసాదం కదా, తొక్కకూడదని చెట్టు మొదట్లో వేసి వచ్చాను.

మార్చి 21

ఫోన్ రాలేదు. అత్తమ్మ నంబరుకు నేనే చేయొచ్చు. చేయలేదు.

మార్చి 24

బట్టలు ఆరేశాను. దుమ్ము గాలి. మళ్లీ ఉతికాను.

మార్చి 27

అత్తమ్మ అని మోగింది. మధ్యాహ్నం, నమాజు వేళ. అలవాటు పోలేదేమో.

‘‘తిన్నవా?’’

‘‘తిన్న. నువ్వు?’’

‘‘తిన్న. అమ్మ గారెలు జేసింది. డాక్టరుకు సూపెట్టుకున్న. పండుకోవాలన్నడు. ఏడ పండుకుంట, ఊరంత అచ్చి జైలు ముచ్చట్లు చెప్పుమంటరు. ఆడ ఖుబూస్ పెడుతరంటె, రోజు ఫైవ్ స్టార్ హోటలని అంటున్నరు.’’

నవ్వాడు. నేను ఊ అన్నాను.

వెనక ఎవరో ట్రాక్టరు స్టార్ట్ చేస్తున్నారు.

‘‘ఒకటి అడుగుత. ఏమనుకోకు. లోపలున్నన్ని దినాలు గిదే సోంచాయించిన. ఇస్తారి కాదు, ఆని మొఖం చూసిన నేను. అర్బాబు కాదు. ఊరు పేరు తెల్సినోళ్లు ఎవలున్నరు? నువ్వు ఎవలకన్న చెప్పినవానే?’’

నేను చెప్పలేదు. అది నిజం. ఊరు పేరు నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. చెప్పలేదు అంటే సరిపోతుంది. నమ్ముతాడు. నన్ను ఎప్పుడూ నమ్ముతాడు. మళ్లీ ఎవరూ అడగరు. మేడమ్‌కు తెలియదు. గంగాప్రసాద్ అన్న చెప్పడు.

‘‘చెప్పలేదు గద?’’ అన్నాడు మళ్లీ. మెత్తగా అన్నాడు. నా తరఫున తానే జవాబు ఇచ్చినట్టు అన్నాడు.

ఊపిరి తీసుకున్నాను. మూడోసారి అడగకముందే మాట్లాడాలి.

‘‘సురేందర్’’ అన్నాను.

అటువైపు ట్రాక్టరు ఆగిపోయింది.

‘‘హలో?’’ అన్నాడు. ‘‘ఎవలు మాట్లాడేది? మా నవీన లేదా ఆడ?’’

‘‘నేనే’’ అన్నాను. ‘‘ఫోన్ పెట్టకు. జనవరిల ఒక శుక్రారం గంగాప్రసాదన్న మా ఇంటికొచ్చిండు. నేను చాయ్ పోస్తున్న. అప్పుడు నువ్వు ఫోన్ జేసినవు. తెర మీద ఏం పేరొచ్చిందో చెప్త, ఇను.’’